మూటలో వేసిన గుప్పెడు మొలకలు

ఉద్యానవనాల్లో కొత్తగా పనికి చేరిన యువతీ యువకులు కొందరు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. ఏ పుస్తకాలు చదవాలి, ఏ ఎరువు ఎప్పుడు వేయాలి అని అడుగుతారు. నాకు తెలిసినంతవరకు చెప్తాను. అసలు చెప్పవలసింది వేరే ఉందని తెలిసినా, ఎదురుగా కూర్చున్నవారితో దాన్ని చెప్పడానికి నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను.

ముప్పై రెండేళ్లు ఈ పని చేశాను. నాకు అందిన ఉత్తర్వులు, పదోన్నతులు ఎవరికీ ఉపయోగపడవు. నేను ఒక మొలకను చూసి తప్పు పేరు చెప్పిన రోజు మాత్రం ఉపయోగపడవచ్చు.

ఆ మడి

నేను చివరి పదిహేనేళ్లు పనిచేసిన తోట కోల్‌కతా దక్షిణ భాగాన, ఖిదిర్‌పూర్ రేవుకు బస్సులో ఇరవై నిమిషాల దూరంలో ఉంది. పేరు రాయను. అందులో తూర్పు గోడ వెంబడి ఒక పొడవాటి మడి ఉండేది. ఆ మడిలో ఎవరూ విత్తులు చల్లరు, నారు నాటరు. బిళ్ళ గన్నేరు, చంద్రకాంత, శంఖుపుష్పం, కనకాంబరం, డిసెంబరు పూలు, ఒక మూలన నల్ల ఉమ్మెత్త. అన్నీ ఏళ్ల తరబడి బతికే మొక్కలే. అన్నీ తమ గింజలను తామే రాల్చుకుని, తల్లి చుట్టూ పిల్లలను మొలిపించుకునేవే.

చూసేవారికి అది పనిలేని మడి. నన్ను మాత్రం తోట మొత్తంలో భయపెట్టిన మడి అదొక్కటే. మనం నాటిన మడిలో ఏం వస్తుందో ముందే తెలుసు. వరుస తప్పి వచ్చినది కలుపు. ఈ మడిలో వరుసే లేదు. వేసవిలో వచ్చే కాలబైశాఖి గాలివాన ఒకటి కురిసిందంటే, వారం తిరిగేసరికి నేలంతా పచ్చటి చుక్కలు. ఆషాఢంలో అసలు వానలు పడ్డాక కాలు పెట్టడానికి చోటుండదు. వాటిలో ఏది పూలమొక్క, ఏది కలుపు, ఏది పక్క మడిలోంచి ఎగిరి వచ్చి పడినది? సూపర్‌వైజరు గట్టు మీద నిలబడి ‘ఇది ఉంచండి, ఇది పీకండి’ అని చెప్పాలి. చెప్పిన క్షణంలో అది జరిగిపోతుంది. సరిదిద్దుకోవడానికి మళ్లీ ఏడాది ఆగాలి.

కళాశాలలో మాకు మొలకలను చూపించలేదు. ఎండబెట్టి అట్టకు అతికించిన, పువ్వు పూసిన కొమ్మలను చూపించారు. పువ్వు చేతికిస్తే దాని కుటుంబం పేరును లాటిన్‌లో చెప్పగలిగేవాణ్ణి. అదే మొక్క రెండాకుల వయసులో ఎదురుపడితే, బడిలో మొదటిరోజు కూర్చున్న పిల్లవాడికీ నాకూ తేడా లేదు. ఈ సంగతి నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియకూడదన్నదే అప్పట్లో నా ఆరాటం.

నాన్న మాట

మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి నగరపాలక సంస్థలో కాలువలు శుభ్రం చేసే పనిలో చేరాడు. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. ఉద్యోగంలో చేరేముందు రోజు ఆయన నన్ను కూర్చోబెట్టి ఒకే మాట చెప్పాడు.

“ఒరే, మన్ని సూసి నవ్వడానికి అక్కడ అందరూ కాసుకుని ఉంటారు. నీకు తెల్దని మాత్రం ఎవల దగ్గరా అనకు. తెల్దన్నావంటే ఆ రోజుతో సరి. మళ్లీ కాలవలోకే.”

ఆయన భయంతో చెప్పాడు, ప్రేమతో చెప్పాడు. కాలువలో నడుము లోతున నిలబడి, పైనున్నవారు ఏమంటే దానికి తల ఊపిన మనిషి అంతకంటే వేరుగా చెప్పలేడు. నేను ఆ మాటను ఇరవై నాలుగేళ్లు పాటించాను. తెలియనిచోట గొంతు పెంచడం నేర్చుకున్నాను. అది నేర్చుకోవడం కష్టం కాదు. ఎదుటివారు చదువుకోనివారైతే మరీ సులభం.

కనకాంబరాలు

ఆ మడికి వచ్చిన మొదటి వానాకాలంలోనే నేను ఒక తప్పు చేశాను. అది చిన్న తప్పు. దాని నుంచి నేర్చుకుని ఉంటే పెద్దది జరిగేది కాదు.

కనకాంబరం కాయ ఎండిన తరువాత దానిమీద నీటిచుక్క పడితే చాలు, చిటుక్కుమని పేలి గింజను నాలుగడుగుల దూరం విసురుతుంది. నాకు ఆ సంగతి తెలియదు. తల్లిమొక్క పక్కన లేవు కదా అని, దారి అంచున గుంపుగా లేచిన మొలకలన్నీ కలుపని చెప్పి పీకించాను. పీకినది అప్పలమ్మ. ఆమె కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి. మా జిల్లాదే. అప్పటికి నలభై దాటిన వయసు. ఆ ఏడు శీతాకాలంలో మడిలో కొత్త కనకాంబరం మొక్క ఒక్కటీ లేదు. నాకు సంగతి అర్థమయ్యాక ఆమెను పిలిచి అడిగాను.

“అవి కనకాంబరాలని నీకు తెలుసా?”

“తెలుసు బావూ.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు పీకమన్నావు కదా.”

ఆమె కొంగు ముడి విప్పి నాలుగు ఎండుకాయలు నా బల్లమీద పెట్టింది. వేలిని నాలుకకు తాకించి ఒక కాయను తడిపింది. అది పేలి గింజ నా సిరాబుడ్డికి తగిలింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. “సరే, వెళ్లు” అన్నాను.

తెలిసిన మనిషి నా ఎదురుగా నిలబడి, తనకు తెలిసినదాన్ని నా మాట కోసం చంపేసింది. ఆ రోజు నేను గమనించవలసింది అది. నేను గమనించింది కాయ పేలడం ఒక్కటే.

గుప్పెడు మొలకలు

అసలు సంగతి జరిగేనాటికి నా ఉద్యోగం ఇంకా ఎనిమిదేళ్లు ఉంది. ఆ ఏడు మడికి వేసిన ఎరువు కూరగాయల మళ్ల నుంచి వచ్చింది. దానితోపాటు తోటకూర గింజలు వచ్చాయి. ఆషాఢం మొదట్లో పూలమొలకల మధ్య ఎర్ర తోటకూర దట్టంగా లేచింది.

కలుపు తీసే ఆడవాళ్లు అందులో తినదగిన ఆకును మూటగట్టుకుని ఇంటికి తీసుకుపోవడం మా తోటలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. గలిజేరు, పొన్నగంటి, తోటకూర, ఏది దొరికితే అది. నిబంధన ప్రకారం తోటలోంచి ఎండుటాకు కూడా బయటికి పోకూడదు. గేటు దగ్గర దర్వాను మూటను చూసి, “ఇవాళ ఏ శాక్, మాసీ?” అని బెంగాలీలో ఆకుకూర పేరు అడిగి వదిలేసేవాడు.

ఆ రోజు ఆ మడిలో పనిచేసినది అప్పలమ్మ ఒక్కతే. పది దాటింది. మరో రెండు వారాల్లో బడిపిల్లలు తోట చూడటానికి వస్తారని పై నుంచి ఫోను. నేను గట్టు మీద నిలబడి దానికి జవాబు చెప్తున్నాను. ఆమె లేచి వచ్చింది.

“బావూ, ఇవొకసారి సూడు.”

ఆమె పీకిన తోటకూర ఒక మూటగా ఉంది. పక్కన విడిగా గోనెపట్టా మీద గుప్పెడు మొక్కలున్నాయి. బెత్తెడు ఎత్తు, ఊదారంగు కాడ.

“ఏమిటి?”

“తోటకూర మద్దిని లేచినాయి. తోటకూరలాగే ఉన్నాయి గానీ కాడ నున్నగుంది. యేరే పెట్టినాను.”

నేను ఫోనును చెవికి దూరంగా పట్టుకుని చూశాను. ఎంతసేపు చూశానో నిజాయితీగా రాయాలి. ఒక ఊపిరి పీల్చి వదిలినంతసేపు.

“ఎర్ర తోటకూరే. కాడ ఊదాగా కనిపించడంలేదా?”

“ఊదాగానే ఉంది. ఆకు కొసన నొక్కు లేదు, సూసినావా? తోటకూరకయితే...”

“అప్పలమ్మా, ఇది చెప్పడానికే కదా నాకు జీతం ఇచ్చేది.”

ఆమె నవ్వింది. “నిజమే బావూ. సదూకున్నోడివి, నీకు తెల్దేటి.”

అయినా ఆ గుప్పెడును ఆమె మూటలో వేసుకోలేదు. గోనెపట్టా మీదే వదిలి వెనక్కి తిరిగింది. నాకు చిరాకు కలిగింది. ఫోనును భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, వంగి, ఆ మొక్కలను నా చేత్తో తీసి ఆమె మూటలో వేశాను. ముడి కూడా నేనే బిగించాను.

కాంట్రాక్టువారి పూట పదకొండుకు ముగుస్తుంది. ఆమె మూట పట్టుకుని వెళ్లిపోయింది.

పన్నెండుకు నేను మళ్లీ ఆ మడి దగ్గరికి వచ్చాను. గోడవార ఒకటి రెండు మొలకలు పీకకుండా మిగిలాయి. వాటిని తీసేయాలని వంగి ఒకదాన్ని పీకాను. ఆకు నా వేళ్ల మధ్య నలిగింది. వాసన వచ్చింది. తోటకూరకు అలాంటి వాసన ఉండదు. చెడిపోయిన వేరుశనగలాంటి, గొంతులో పట్టుకునే వాసన. వేరు దగ్గర చూశాను. మొలకెత్తిన గింజ తొక్క ఇంకా అంటుకుని ఉంది. చదునుగా, గోధుమ రంగులో, చిన్న చెవి ఆకారంలో.

నేను తల ఎత్తి మూలకు చూశాను. నల్ల ఉమ్మెత్త పెద్దమొక్కను ఫాల్గుణంలో నేనే కొట్టించాను. కొట్టించేనాటికి దాని ముళ్లకాయలు పగిలి ఉన్నాయి. మొక్క పోయింది కనుక దాన్ని మరిచిపోయాను. నేల మరిచిపోలేదు.

ఆరుగురు అప్పలమ్మలు

హాజరు పుస్తకంలో ఆమె పేరు పక్కన ఫోను నంబరు ఉంది. చేస్తే కాంట్రాక్టరు ఎత్తాడు. ఆడవాళ్లందరి పేర్ల పక్కనా తన నంబరే రాసుకున్నాడు.

“ఎక్కడుంటుందో నాకేం తెలుసు దాదా? ఖిదిర్‌పూర్ వైపు ఏదో సందు. రేపు వస్తుంది కదా, అప్పుడు అడగండి.”

మొలకను చేతిగుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. టాక్సీ ఎక్కాను. దారిలో నాకు తెలిసిన లెక్క ఒక్కటే. ఆమె ఇంటికి చేరి ఉంటుంది. పొయ్యి వెలిగించి ఉంటుంది. ఆకు ఉడకడానికి ఎంతసేపు కావాలి? నా ఒళ్లు చల్లబడింది.

నేను పుట్టి పెరిగిన సందులకు ఆమె ఉండే చోటు ఎక్కువ దూరం కాదు. ఉద్యోగం వచ్చాక అక్కడినుంచి ఇల్లు మార్చాను. తరువాత అటువైపు పనుండి కూడా వెళ్లేవాణ్ణి కాదు. ఏడేళ్లు నా కింద పనిచేసిన మనిషి ఇల్లు ఏ సందులో ఉందో, ఆమె భర్త పేరేమిటో నేను ఎన్నడూ అడగలేదు. అడిగితే, ‘మీది ఏ సందు బావూ’ అని ఆమె తిరిగి అడుగుతుందని భయం.

కుళాయి దగ్గర నీళ్లు పడుతున్న ఆడవాళ్లను అడిగాను.

“అప్పలమ్మ ఇల్లెక్కడ?”

“ఏ అప్పలమ్మ? ఇక్కడ ఆరుగురున్నారు. పోర్టు అప్పలమ్మా, ఇస్త్రీ అప్పలమ్మా?”

“తోటలో పనికి వెళ్తుంది.”

“తోటకి ఇద్దరెల్తారు. మొగుడి పేరేటి?”

“తెలియదు.”

ఒకామె బిందె దించి నన్ను పైనుంచి కిందికి చూసింది. “మొగుడి పేరు తెల్దు, ఇల్లు తెల్దు, నీకేటి కావాలి బావూ దానితోటి? అప్పుకొచ్చినావా?”

మిగతావాళ్లు నవ్వారు. నేను అన్నాను, “ఆమె ఇవాళ తెచ్చిన ఆకు తినకూడదు. అది విషం.”

నవ్వు ఆగిపోయింది. నన్ను ప్రశ్నించిన ఆమె బిందెను అక్కడే వదిలేసి ముందు పరుగెత్తింది. నేను వెనక పరుగెత్తాను.

ఒంటిగది ఇల్లు. గుమ్మంలో అప్పలమ్మ నిలబడి ఉంది. ఆమె ఇంకా తినలేదు. ఆమె భర్త సింహాచలం రేవులో కూలీగా పనిచేసి మానేసిన మనిషి. చక్కెర జబ్బు మాత్ర వేసుకోవాలని ఆయనకు ముందే అన్నం పెట్టేసింది. పప్పులో వేసి వండిన ఆకు. ఆయన చాప మీద కూర్చుని గాలిలోంచి ఏదో తాడును రెండు చేతులా లాగుతున్నాడు. లేని తాడు. కళ్లలో నల్లగుడ్డు తప్ప ఏమీ కనిపించడంలేదు. పెదవులు ఎండి తెల్లబడ్డాయి.

“దించు, దించు, నెమ్మదిగా దించు,” అంటున్నాడు. “కిందన మనిసున్నాడు, కనబడతాలేదేటి.”

అప్పలమ్మ నన్ను చూసింది. “సూడు బావూ, ఇందాకటి దాకా బాగానే ఉన్నాడు. ఎండ తగిలిందేటో.”

ఆమెకు ఇంకా తట్టలేదు. నేను చెప్పినది తోటకూర అయినప్పుడు, అది ఆకువల్ల వచ్చినదని ఆమె ఎందుకు అనుకుంటుంది? పొయ్యి మీద గిన్నెలో ఆమె భాగం మిగిలి ఉంది. నేను దాన్ని తీసుకుని కాలువలో పారబోశాను. అప్పుడు ఆమె ముఖం మారింది.

ఏ ఆకు

ప్రభుత్వ ఆసుపత్రిలో సింహాచలాన్ని ఒక యువ డాక్టరు చూసింది. ఆయన మంచం మీద నిలవడంలేదు. ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది.

“ఏం తిన్నారు?” అని బెంగాలీలో అడిగింది.

అప్పలమ్మ చెప్పింది, “తోటకూరండి. బావు సూసి సెప్పినారు.” నా వైపు చెయ్యి చూపించింది. అందులో నింద లేదు. సాక్షిని చూపించినట్టు చూపించింది.

డాక్టరు నా వైపు తిరిగింది. “మీరు ఎవరు?”

“తోటలో సూపర్‌వైజరును. అది తోటకూర కాదు. ధుత్రో.” ఉమ్మెత్తను బెంగాలీలో అలా అంటారు.

“ఖచ్చితంగానా? ఊహించి చెప్పకండి. దాన్నిబట్టే మందు.”

ఆ క్షణం ఉన్న భయం నాకు జీవితంలో మళ్లీ కలగలేదు. మూడు గంటల క్రితం అదే మొక్కను చూసి అంతే గట్టిగా ఇంకో పేరు చెప్పిన నోరిది. ఈసారి నా మాటమీద సూది మందు ఎక్కుతుంది. నేను జేబులోంచి చేతిగుడ్డ తీసి బల్లమీద విప్పాను. ఆకు వాడిపోయింది. గింజ తొక్క వేరుకు అంటుకునే ఉంది. ఆకును నలిపి ఆమెకు వాసన చూపించాను. ఒక్కొక్క గుర్తూ చెప్పాను. చెప్తూ నాకు నేను మళ్లీ ఒకసారి సరిచూసుకున్నాను.

“ఖచ్చితంగా,” అన్నాను.

సింహాచలం రెండో రోజు సాయంత్రానికి భార్యను గుర్తుపట్టాడు. మూడో రోజున టీ అడిగాడు. ఆ మూడు రోజులూ నేను ఆసుపత్రి వరండాలో ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. ఒకసారి ఆమె, ఎవరితోనో అన్నట్టు, “యేరే పెట్టినాను కదా,” అంది.

కాగితం

మా అధికారిని అందరం బడోబాబు అని పిలిచేవాళ్లం. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి ఇంట్లో ఎవరికి జబ్బుగా ఉందో గుర్తుపెట్టుకుని అడిగేవాడు. ఆయన నన్ను లోపలికి పిలిచి తలుపు వేసి ఒక కాగితం ముందుకు జరిపాడు. టైపు చేసి ఉంది. కాంట్రాక్టు కూలీ అనుమతి లేకుండా తోట నుంచి ఆకు దొంగిలించి తీసుకుపోయిందని, సూపర్‌వైజరుకు ఆ సంగతి తెలియదని.

“మీరు సంతకం చేస్తే ఇక్కడితో ఆగుతుంది,” అన్నాడు. “లేకపోతే విచారణ. పేపరువాళ్లు వస్తారు. బడిపిల్లలు తిరిగే తోటలో విషపు మొక్క ఎందుకుందని అడుగుతారు. మీరు పర్మనెంటు మనిషి. ఆమెకు ఇంకో చోట పని దొరుకుతుంది. ఆలోచించండి దాదా.”

నేను సంతకం చేయలేదు. చేయనని కూడా చెప్పలేదు. కాగితాన్ని మడిచి ఇంటికి తీసుకుపోయాను. సంగతి తేలేవరకు ఆమెను పనికి రానివ్వవద్దని కాంట్రాక్టరుకు కబురు వెళ్లింది. ఆ కాగితం తొమ్మిది రోజులు నా సంచిలో ఉంది. నాకు పోయేది తక్కువ. మహా అయితే ఒక మందలింపు. ఆమెకు పోయేది ఇంటికి వచ్చే ఒక్క కూలి. ఈ లెక్క నాకు తెలుసు. తెలిసి కూడా రోజూ కాగితాన్ని తీసి చదివి మళ్లీ సంచిలో పెట్టేవాణ్ణి. విచారణలో ఎవరో ఒకరు ‘మొలకను కూడా గుర్తుపట్టలేని మీరు ఇన్నేళ్లు ఏం చేశారు’ అని అడుగుతారు. నాన్న చెప్పిన కాలువ నా కాళ్ల కింద తెరుచుకున్నట్టు ఉండేది.

తొమ్మిదో రోజు ఉదయం దర్వాను నన్ను గేటు దగ్గర ఆపాడు.

“మాసీ వచ్చింది సార్, ఆ తోటకూర మాసీ. లోపలికి రానివ్వలేదు, నా మీద కోపగించుకోకండి. మీకు ఒక మాట చెప్పమంది.”

తిట్టి ఉంటుందనుకున్నాను. పోలీసుల దగ్గరికి వెళ్తానని చెప్పి ఉంటుందనుకున్నాను.

“ఏమంది?”

“గోడవార ఇంకా అవే ఉంటాయంట. వాన పడితే మళ్లీ లేస్తాయంట. చిన్నపిల్లలు వచ్చే తోట, వాళ్లు వచ్చేలోగా పీకించమని బాబుకు చెప్పు, అంది.”

నేను మడి దగ్గరికి వెళ్లాను. ఆమె చెప్పినట్టే ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో నేను ఆ మూలకు వెళ్లడానికే భయపడ్డాను. గోడవార పన్నెండు మొలకలు లేచాయి. ఊదారంగు కాడలు, నొక్కు లేని ఆకులు. బడిపిల్లలు మరుసటి రోజు వస్తారు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటి పీకాను. ఒక్కొక్కటీ నలిపి వాసన చూశాను. తరువాత గదికి వెళ్లి కొత్త కాగితం తీసుకుని నా చేతిరాతతో రాశాను. ఆమె అనుమానించి విడిగా పెట్టిందని, నేను తప్పుగా గుర్తించానని, నా చేత్తో మూటలో వేశానని. సంతకం చేశాను. తీసుకువెళ్లి ఇచ్చాను.

బడోబాబు రెండుసార్లు చదివాడు. చివరకు, “ఇంత వివరంగా రాయనక్కర్లేదు కదా,” అన్నాడు. నాకు మందలింపు వచ్చింది. ఒక సంవత్సరం ఆ మడి బాధ్యత తీసేశారు. అప్పలమ్మ పనిలోకి వచ్చింది. నేను అంత భయపడినదానికి జరిగింది ఇంతే. ఆ తొమ్మిది రోజులను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు. ఆమె ఆ తొమ్మిది రోజులూ ఏం వండుకుందో నేను అడగలేదు.

ఈ పనికి వచ్చేవారికి

గింజలు రాల్చుకుని బతికే మొక్కల మడిని పెంచాలనుకుంటే, ఫాల్గుణం తరువాత నేలను తవ్వకండి. కాయలన్నీ కోసేయకండి, తల్లికి కొన్ని వదలండి. ఏ మొక్కను ఎక్కడ కొట్టించారో అక్కడ కర్ర పాతి పేరు రాయండి, మొక్క పోయినా గింజ ఏళ్ల తరబడి నేలలో ఉంటుంది. మొలకకు నాలుగాకులు వచ్చేవరకు ఏమీ పీకకండి. చంద్రకాంత మొలక రెండు పెద్ద వెడల్పాటి ఆకులతో లేస్తుంది, దాన్ని ఎవరూ పొరబడరు. కనకాంబరాన్నీ డిసెంబరు పువ్వునూ వేరు చేయాలంటే వేలితో తడమాలి, రెండోదానికి గరుకు ఎక్కువ. అనుమానం వస్తే మొలకను మెల్లగా లాగి గింజ తొక్క చూడండి. దాదాపు ప్రతి మొక్కా తన పుట్టుకను వేరు దగ్గర కొన్నాళ్లు మోస్తుంది.

ఇప్పుడు ఫోనులో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. సాల్ట్ లేక్‌లో కంప్యూటరు కంపెనీలో పనిచేసే మా పక్కింటి అమ్మాయి నాకు చూపించింది. మంచివే. కానీ ఫోనుకు వాసన తెలియదు. తప్పు చెప్తే దాని చేతులు చల్లబడవు. మీ చేతులు చల్లబడాలి. ఏ మొలక ముందైనా నాకు భయమే లేదని ఎవరైనా చెప్తే, అతన్ని పూలమళ్లకు దూరంగా ఉంచమని నా సలహా.

ఇంకొకటి. తోటలో చదువుకోని మనిషి ఏదైనా విడిగా పెట్టి చూపిస్తే, ఫోను కింద పెట్టి కూర్చోండి. ‘నాకు తెలియదు, నీకేమనిపిస్తోంది?’ అని అడగండి. నేను ఆ మాట మొదటిసారి అన్నప్పుడు నాకు యాభై మూడేళ్లు. అన్నాక నేను ఏ కాలువలోనూ పడలేదు. నాన్న అప్పటికి లేడు, ఉంటే చెప్పేవాణ్ణి.

విస్తరి

మరుసటి ఏడు మడి మళ్లీ నా చేతికి వచ్చింది. అప్పటినుంచి అప్పలమ్మ రోజూ పదకొండు గంటలకు మూట తెచ్చి నా బల్లమీద విప్పేది. ఇద్దరం ఒక్కొక్క ఆకునూ చూసేవాళ్లం. ఆమె చెప్పేది, నేను సరిచూసేవాణ్ణి. కొన్నిసార్లు ఆమె నవ్వేది. “తోటకూరే బావూ, ఎన్నిసార్లు వోసన సూత్తావు.” నేను మళ్లీ చూసేవాణ్ణి.

నేను రిటైరయ్యే నెలలో సింహాచలం గేటు దగ్గరికి వచ్చి భోజనానికి పిలిచాడు. ఆ ఒంటిగదిలో ఇద్దరికీ ఎదురుగా కూర్చున్నాను. అప్పలమ్మ విస్తరి వేసింది. అన్నం, ఎండుచేపల పులుసు, పప్పులో వండిన తోటకూర.

“ఉదయం నీ బల్లమీద సూసిన ఆకే,” అంది.

అవును. ఉదయం నేనే చూశాను. ఒక్కొక్కటీ నలిపి చూశాను. అన్నంలో పప్పు కలిపాను. ముద్ద చేశాను. చెయ్యి నోటిదాకా రాలేదు. ఎదురుగా చాప మీద కూర్చున్న మనిషి చేతులు ఆ రోజు గాలిలో లాగిన తాడు నాకు కనబడుతోంది. ఒకటి చూడకుండా వదిలానేమో. ఒక్కటి. సింహాచలం తల దించుకుని గ్లాసులోని నీళ్లను చూస్తున్నాడు.

అప్పలమ్మ కొంతసేపు చూసింది. తరువాత చెయ్యి చాచి, నా విస్తరిలోంచే ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలి మింగింది.

“ఇప్పుడు తిను,” అంది.

నేను చెప్పిన పేరు నమ్మి ఏళ్ల తరబడి ఆమె వండిన పూటలెన్నో అప్పుడు నాకు తట్టింది. వాటిలో ఏ ఒక్క పూటా ఆమెకంటే ముందు తినడానికి నేను అక్కడ లేను.

తిన్నాను.